చదువులో హెచ్చుతగ్గులు

ఒకే గదిలో ఒకే ఉపాధ్యాయుని పాఠము విన్న విద్యార్థులలో ఒకనికి తొంబది మార్కులు, మరొకనికి ఇరువది వచ్చుట ప్రతి పాఠశాలలోను కనుపించును. తెలివి పుట్టుకతో వచ్చునని సరిపెట్టుకొనుట సులభము. పుట్టుకతో వచ్చు భేదములు లేకపోలేదు. కాని ఆ మాటతో విచారణ ఆగిపోవును.

52 నుండి 38 తీసివేయుమనగా ఒక బాలుడు 26 అని వ్రాసినాడనుకొందము. తప్పని కొట్టివేసినచో సంగతి బయటపడదు. అతడు ఎనిమిదిలోనుండి రెండును, అయిదులోనుండి మూడును తీసివేసినాడు. అనగా, ఏ స్థానములోనైనను పెద్ద అంకెలోనుండి చిన్న అంకెను తీయవలెనను సూత్రమును తానే కల్పించుకొని, దానిని నిష్ఠతో పాటించుచున్నాడు! అతనికి కొరవడినది తెలివి కాదు, స్థానవిలువ. స్థానవిలువ తెలియనివానికి దశాంశములు అందవు. దశాంశములు రానివానికి శాతములు, వడ్డీ లెక్కలు కొరుకుడు పడవు. తరగతి మాత్రము ఏటేట పైకి పోవుచుండును. మూడవ తరగతిలో తప్పిన మెట్టు పదవ తరగతి పరీక్షలో బయటపడును.

బడి వెలుపలి కారణములును కలవు. దూరదృష్టి తక్కువైన బాలిక వెనుక బల్లపై కూర్చున్నచో నల్లబల్లపై వ్రాత కనబడదు. చాలమంది పిల్లలు ఆ సంగతి చెప్పరు, ఇతరులకును అట్లే కనబడునని తలచెదరు. ఆహారములో ఇనుము లోపించి రక్తహీనత కలిగినచో అలసట, ధ్యానలోపము కలుగును. ఇంట కోయ, గోండి, సవర భాషలు మాటాడు పిల్లలు తెలుగు పుస్తకముతో చదువు మొదలుపెట్టవలసివచ్చినపుడు, పాఠమును, భాషను ఒకేసారి నేర్వవలసియుండును.

1905లో పారిస్ నగరమున ఆల్ఫ్రెడ్ బినే, సిమోన్‌తో కలసి మొదటి బుద్ధిపరీక్షను రూపొందించినది ప్రత్యేక బోధన అవసరమైన పిల్లలను గుర్తించుటకే. బుద్ధి పెరుగని స్థిరరాశి యను వాదమును ఆయన 1909లో ఖండించినాడు. తరువాతివారు ఆ పరీక్షను పిల్లలకు ముద్ర వేయుటకు వాడుకొనుట విచారకరము.

మరి చికిత్స యేమి? ఈ శతాబ్ది ఆరంభమున ముంబై, వడోదర నగరములలో ప్రథమ్ సంస్థ మూడు, నాలుగు తరగతులలో వెనుకబడిన పిల్లలను పదిహేను, ఇరువదిమంది చొప్పున రోజుకు సుమారు రెండు గంటలపాటు వేరుగా కూర్చుండబెట్టించి, స్థానిక యువతులచే మొదటి పాఠములు చెప్పించినది. మార్కులు పెరిగినవి, అట్టడుగున ఉన్నవారే ఎక్కువ లాభము పొందిరని 2007లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. అయితే ఆ బోధన ఆగిన ఏడాదికి లాభములో పెద్దభాగము తగ్గిపోయినది.

ఉన్నత పాఠశాలలోను ఇది సాధ్యమే. జూన్‌లో బడి తెరచిన మొదటి వారముననే పది చిన్న లెక్కలు, ఒక పేరా చదువు ఇచ్చి, మార్కులను కాక తప్పుల రకములను బట్టి జట్లు కట్టవలెను. రోజుకొక గంట ఆ జట్లలోను, మిగిలిన కాలము అందరితోను కూర్చుండవలెను. నెలకొకసారి జట్లు మారవలెను. మారని జట్టు “మొద్దుల సెక్షన్” అయిపోవును. పరీక్షలకు ముందు నెలలో పెట్టు ప్రత్యేక తరగతులు ఇందుకు చాలవు, అప్పటికి చాల ఆలస్యమైపోవును.