అడవి దారి.. అప్రమత్తతే సారథి

ఇష్టకామేశ్వరి బాటలో జీపుల బృంద ప్రయాణం
వాహన బలం కంటే చోదకుని నిదానమే ముఖ్యం

శ్రీశైలం: నల్లమల అడవి నడుమ కొలువైన ఇష్టకామేశ్వరి అమ్మవారిని దర్శించుకోవాలంటే చక్కని రోడ్డేమీ లేదు. ఉన్నది రాళ్లు, చెట్ల వేళ్లు, వాగులు కలగలిసిన అటవీ బాట మాత్రమే. శ్రీశైలానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని ఈ ఆలయానికి దాదాపు సగం దూరం దోర్నాల రహదారిపై సాఫీగా సాగిపోవచ్చు. అక్కడి నుంచి అడవిలోకి మళ్లాక ప్రయాణం తీరే మారిపోతుంది. తారురోడ్డుపై పావుగంటలో ముగిసే దూరానికి ఇక్కడ గంట వరకు పడుతుంది. కార్లు, బస్సులు ఈ బాటలో పనికిరావు. అటవీశాఖ అనుమతి ఉన్న జీపులే భక్తులను తీసుకెళతాయి. చివర కొంత దూరం కాలినడక తప్పదు.

నాలుగు చేతుల అమ్మవారి విగ్రహం, వంగి లోనికి వెళ్లాల్సిన చిన్న గర్భాలయం, చెంచుల పూజలు ఈ క్షేత్రం ప్రత్యేకతలు. అమ్మవారి నుదుట బొట్టు పెట్టేటప్పుడు మనిషి చర్మాన్ని తాకినట్లు మెత్తగా ఉంటుందని భక్తుల విశ్వాసం. మనసులోని కోరిక చెప్పుకొని బొట్టు పెడితే నెరవేరుతుందన్న నమ్మకంతో ఎందరో ఈ కష్టమైన ప్రయాణానికి సిద్ధపడుతున్నారు. వారితోపాటు కేవలం అడవి బాటలో జీపు ప్రయాణం అనుభూతి కోసం వచ్చే యువత కూడా పెరుగుతోంది.

మరోవైపు సొంత వాహనాలతో బృందాలుగా కొండదారులు పట్టే అలవాటు తెలుగు రాష్ట్రాల్లో విస్తరించింది. మహీంద్రా థార్ 2010లో, మారుతీ జిమ్నీ 2023లో మార్కెట్లోకి వచ్చాక నాలుగు చక్రాల చోదనం సామాన్య కొనుగోలుదారులకూ అందుబాటులోకి వచ్చింది. బండి కొన్నవారందరికీ రాళ్ల దారిలో నడిపే నేర్పు దానితోపాటు రాదు. ఇష్టకామేశ్వరి బాటలో ఏళ్ల తరబడి జీపులు ఎలా వెళ్లి వస్తున్నాయో గమనిస్తే ఇలాంటి బృందాలు నేర్చుకోవాల్సింది ఎంతో ఉంది.

నాలుగు చక్రాలకూ బలం

మామూలు కార్లలో ఇంజిన్ బలం ముందున్న రెండు చక్రాలకో, వెనకనున్న రెండు చక్రాలకో మాత్రమే చేరుతుంది. ఆ రెండూ బురదలోనో, గులకరాళ్ల మీదనో పట్టు కోల్పోతే బండి ఆగిపోతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ వాహనంలో అదనంగా ఉండే గేరుపెట్టె ద్వారా బలం నాలుగు చక్రాలకూ అందుతుంది. వెనక చక్రాలు జారినా ముందు చక్రాలు లాగుతాయి.

ఇలాంటి వాహనాల్లో చాలావాటికి ‘లో’ గేరు అనే మరో సదుపాయం ఉంటుంది. దీన్ని వేస్తే బండి వేగం బాగా తగ్గి, చక్రాలకు చేరే బలం సుమారు రెండు నుంచి రెండున్నర రెట్లు పెరుగుతుంది. నిలువెత్తు ఎక్కుడులో బండి నత్తనడకన పాకుతున్నట్లు కనిపించినా ఇంజిన్ ఆగకపోవడానికి ఇదే కారణం. అనుభవమున్న చోదకులు కష్టమైన చోటుకు చేరక ముందే ఈ గేరు వేసుకుంటారు. సగం ఎక్కాక గేరు మార్చబోతే బండి వెనక్కి జారే ప్రమాదం ఉంది.

అయితే నాలుగు చక్రాలకు బలం అందినంత మాత్రాన బండి ఎక్కడా చిక్కుకోదనుకోవడం పొరపాటు. డిఫరెన్షియల్ అనే భాగం మలుపుల్లో ఎడమ, కుడి చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగేలా చూస్తుంది. రోడ్డుపై వరమైన ఈ ఏర్పాటే రాళ్లలో శాపమవుతుంది. ఒక చక్రం గాలిలోకి లేస్తే బలమంతా అడ్డులేని ఆ చక్రానికే పోయి అది వృథాగా తిరుగుతుంది. నేలపై ఉన్న చక్రం కదలదు. అందుకే గుంతల దారిలో వీలైనంత వరకు నాలుగు చక్రాలూ నేలను అంటిపెట్టుకొని ఉండేలా దారి ఎంచుకోవాలి. పాత జీపుల కమాను కట్టలు కుదుపు ఎక్కువ ఇచ్చినా, గట్టి ఇరుసులతో ఇలాంటి నేలకు తట్టుకుంటాయి.

ఎత్తు లెక్క తెలియాలి

బండి అడుగుభాగానికి, నేలకు మధ్య ఉన్న ఖాళీ రాళ్ల దారిలో కీలకం. 2020లో వచ్చిన రెండో తరం థార్‌కు ఈ ఖాళీ 226 మిల్లీమీటర్లు. చిన్న కార్లలో చాలావాటికి ఇది 170 మిల్లీమీటర్ల లోపే. ఈ రెండంగుళాల తేడాయే ఇంజిన్ ఆయిల్ చాంబరును కాపాడుతుంది. చాంబరుకు రాయి తగిలి ఆయిల్ కారిపోతే, అది గమనించకుండా ముందుకు నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది. అడవి మధ్యలో దానికి మరమ్మతు ఉండదు.

పెద్ద రాయి ఎదురైనప్పుడు దాన్ని రెండు చక్రాల నడుమకు తీసుకోవాలని కొత్తవారు భావిస్తారు. అది ప్రమాదకరం. అడుగున గేరుపెట్టె, షాఫ్టు, ఇరుసు మధ్యలోని గుండ్రని భాగం ఉంటాయి. రాయి వాటికి తగిలితే నష్టం ఎక్కువ. గట్టిగా పాతుకుపోయిన రాయి అయితే టైరును దానిపైకి నిదానంగా ఎక్కించి దించడమే క్షేమం. టైరు ఎక్కితే బండి మొత్తం పైకి లేస్తుంది. అడుగుభాగానికి ఏమీ తగలదు.

టైరులో గాలి.. పదునైన రాయి

నల్లమల కొండలు క్వార్ట్‌జైట్, పలక రాళ్లతో ఏర్పడినవి. వాగుల్లో దొర్లి నునుపెక్కిన గుండ్రాళ్లు కొన్నిచోట్ల ఉన్నా, దారి పొడవునా విరిగిన అంచుల రాళ్లే ఎక్కువ. ఇవి టైరు పక్కభాగాన్ని చీలుస్తాయి. నేలను తాకే భాగంలో పడిన పంక్చరును వేసుకోవచ్చు గానీ పక్కభాగం చీలితే ఆ టైరును పారేయాల్సిందే.

గాలి తగ్గిస్తే టైరు వెడల్పుగా పరచుకొని పట్టు పెరుగుతుంది, కుదుపు తగ్గుతుంది. ఇసుకలో, బురదలో ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది. రోడ్డుపై 30 పాయింట్లు ఉండే గాలిని బృందాలు 20 దాకా తగ్గించడం పరిపాటి. పదునైన రాళ్లున్న చోట మరీ తగ్గిస్తే పక్కభాగం ఉబ్బి రాళ్లకు చిక్కుతుంది. అందుకే నేల తీరును బట్టి నిర్ణయించాలి. తిరిగి తారురోడ్డు ఎక్కగానే గాలి నింపుకోవడం మరవరాదు. తక్కువ గాలితో వేగంగా వెళితే టైరు వేడెక్కి పగిలిపోతుంది. గాలి నింపే చిన్న పంపు లేనివారు అసలు గాలి తీయకపోవడమే మేలు.

దిగుడే అసలు పరీక్ష

ఎక్కుడు కన్నా దిగుడులోనే ప్రమాదాలకు అవకాశం ఎక్కువ. బండిని తటస్థం చేసి లేదా క్లచ్ నొక్కిపట్టి దిగితే బరువంతా బ్రేకులపై పడుతుంది. అవి వేడెక్కి పట్టు వదులుతాయి. చిన్న గులకల మీద గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు ఆగి బండి మాత్రం జారుతుంది. ‘లో’ గేరులో మొదటి గేరు వేసి, క్లచ్ మీద నుంచి కాలు తీసేస్తే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకును అప్పుడప్పుడు తేలికగా తాకితే చాలు. దిగుడులో బండిని అడ్డంగా తిప్పకూడదు. ఏటవాలుకు అడ్డం తిరిగిన బండి పల్టీ కొట్టే అవకాశం ఎక్కువ.

స్టీరింగు పట్టుకునే తీరులోనూ జాగ్రత్త అవసరం. చక్రం రాయికి తగిలినప్పుడు స్టీరింగు ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది. బొటనవేలు లోపలికి చుట్టి పట్టుకుంటే వేలు విరిగే ప్రమాదముంది. బొటనవేలిని స్టీరింగు అంచుపైనే ఉంచాలి.

వాగు దాటాలంటే ముందు నడవాలి

నల్లమల వాగులు వేసవిలో ఎండిపోయి కనిపించినా, ఎగువన వాన కురిస్తే నిమిషాల్లో పొంగుతాయి. ఆకాశం నిర్మలంగా ఉన్నచోటా ప్రవాహం రావచ్చు. నీరు మట్టిరంగులోకి మారడం, చెత్త కొట్టుకురావడం ప్రమాద సంకేతాలు. అలాంటప్పుడు గట్టునే ఆగి నీరు తగ్గే దాకా వేచి చూడాలి.

తక్కువ ప్రవాహం ఉన్నప్పుడు కూడా ముందుగా ఒకరు కర్రతో లోతు, అడుగున గుంతలు చూసుకుంటూ నడిచి రావాలి. నడవలేని ప్రవాహంలో బండి దింపరాదు. నీటిలో నిదానంగా, ఆగకుండా సాగాలి. వేగంగా దూకిస్తే నీరు ఎగసి గాలి పీల్చే గొట్టం ద్వారా ఇంజిన్‌లోకి చేరుతుంది. గాలిలా నీరు కుదించుకుపోదు కాబట్టి లోపలి కడ్డీలు వంగిపోతాయి. నీటిలో ఇంజిన్ ఆగితే మళ్లీ స్టార్ట్ చేయడానికి ప్రయత్నించకుండా బయటకు లాగించడమే సరైన పని.

ముందు బండి కంటే వెనక బండి ముఖ్యం

బృంద ప్రయాణానికి ఒక క్రమం ఉంది. దారి తెలిసిన చోదకుడు ముందుంటాడు. మరమ్మతు తెలిసి, తాడు, పనిముట్లు ఉన్న బండి చివరన ఉంటుంది. అనుభవం లేనివారు నడుమన సాగాలి. ప్రతి చోదకుడూ తన వెనక వచ్చే బండిని అద్దంలో గమనిస్తూ ఉండాలి. అది కనిపించకపోతే ఆగాలి. ఇలా చేస్తే ఒక బండి చిక్కుకున్నా వరుస మొత్తం దానంతటదే ఆగుతుంది. సెల్‌ఫోన్ సిగ్నల్ అందని చోట ఇంతకు మించిన సమాచార వ్యవస్థ లేదు.

శివరాత్రికి, ఉగాదికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలానికి కాలినడకన వచ్చే భక్తులకు ఈ క్రమం కొత్త కాదు. వెనకబడ్డవారి కోసం ఆగడం, ఎవరినీ ఒంటరిగా వదలకపోవడం అడవి నేర్పిన పద్ధతులే.

కష్టమైన చోటును ఒక బండి పూర్తిగా దాటాకే రెండోది కదలాలి. ఎక్కుడులో ముందు బండి వెనక్కి జారితే వెనకదానికి తప్పుకొనే చోటుండదు. ఇరుకు ఘాట్‌లో ఎదురుపడితే పైకెక్కే వాహనానికి దారి వదలాలన్నది రహదారి నిబంధనల్లోనూ ఉంది. చోదకునికి సైగలు చేసే పని ఒక్కరికే అప్పగించాలి. నలుగురు నాలుగు వైపుల నుంచి అరిస్తే అతడు అయోమయంలో పడతాడు.

చిక్కుకున్న బండిని లాగేటప్పుడు బంపరుకు, పైకమ్మీకి తాడు కట్టరాదు. ఛాసిస్‌కు బిగించిన కొక్కేనికే కట్టాలి. బిగుసుకున్న తాడు తెగితే కొరడాలా విసురుతుంది. దాని చివరనున్న ఇనుపముక్క ప్రాణం తీయగలదు. లాగుతున్నంత సేపూ చూసేవారు తాడు పొడవుకు మించిన దూరంలో నిలబడాలి.

పరిమితి దాటితే ముప్పు

జీపులకు గిరాకీ ఉన్న రోజుల్లో ఎక్కువ మందిని ఎక్కించుకోవాలన్న ఆశ సహజం. దీన్ని నమ్ముకొని బతికే చోదకులకు ఏడాదిలో రాబడి ఉండే రోజులు కొన్నే. ప్రయాణికులు కూడా తలా కొంత తగ్గుతుందని ఇరుక్కొని కూర్చుంటారు. కానీ బరువు పెరిగితే అడుగుభాగం నేలకు దగ్గరవుతుంది, బ్రేకులపై భారం పెరుగుతుంది. పైకప్పు మీద మనుషులు, సామాన్లు ఎక్కితే బండి బరువు పైభాగానికి చేరి కొద్దిపాటి వాలుకే పల్టీ కొడుతుంది. వెనక కమ్మీ పట్టుకు వేలాడేవారికి ఒక్క కుదుపు చాలు. పరిమితికి మించి ఎక్కిస్తే దిగిపోయే హక్కు ప్రయాణికులకు ఉందని మరవరాదు.

ప్రమాదం జరిగితే సున్నిపెంట దాకా రావడానికే సమయం పడుతుంది. పెద్ద వైద్యం కావాలంటే మార్కాపురమో, కర్నూలో చేరాలి. అడవి బాటలో నిదానం అవసరమనడానికి ఇదే పెద్ద కారణం.

పులి ఇంట్లో అతిథులం

ఈ బాట నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోనిది. దేశంలోని పులుల అభయారణ్యాల్లో విస్తీర్ణంలో పెద్దదైన ఇది సుమారు 3,296 చదరపు కిలోమీటర్లలో వ్యాపించి ఉంది. పులులతోపాటు చిరుతలు, ఎలుగుబంట్లు, కణుతులు, దుప్పులకు ఇది ఆవాసం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఇందులోకి ప్రవేశించడం, నిప్పు రాజేయడం నేరాలు. వానాకాలంలో జులై నుంచి సెప్టెంబరు వరకు పులుల సంతానోత్పత్తి కాలంగా భావించి సఫారీలు నిలిపివేయడం ఆనవాయితీ. రహదారిపైనా రాత్రి వేళ రాకపోకలకు ఆంక్షలున్నాయి.

బాట దాటి కొత్త దారి తొక్కిన ప్రతిసారీ నేల గట్టిపడి మొలకలు చస్తాయి. చక్రాల చాళ్లలో వాననీరు పారి మట్టి కొట్టుకుపోతుంది. మరుసటి ఏడాదికి ఆ చాలే చిన్న వాగవుతుంది. అందుకే ఎంత గుంతలున్నా పాత బాటలోనే సాగడం అడవికీ, తర్వాత వచ్చేవారికీ మేలు. హారన్లు, పాటల హోరు జంతువులను బెదరగొడతాయి. వదిలేసిన ప్లాస్టిక్ సంచులను దుప్పులు తిని ప్రాణం మీదికి తెచ్చుకుంటాయి.

బయలుదేరే ముందు..

* అనుమతులు, రుసుములు, వేళలు మారుతుంటాయి. శ్రీశైలంలోని అటవీశాఖ సిబ్బందిని అడిగి తెలుసుకోవాలి. అనుమతి లేదంటే మరో దారి వెతకరాదు.

* ఉదయమే బయలుదేరి చీకటి పడకముందే రహదారి చేరుకోవాలి.

* గర్భిణులు, నడుంనొప్పి, గుండెజబ్బు ఉన్నవారు, ఇటీవల శస్త్రచికిత్స చేయించుకున్నవారు ఈ ప్రయాణం మానుకోవడం మంచిది.

* తాగునీరు, ప్రథమచికిత్స పెట్టె, టార్చిలైటు వెంట ఉంచుకోవాలి. ఎక్కడికి వెళుతున్నదీ, ఎప్పటికి తిరిగి వచ్చేదీ ఇంట్లో చెప్పాలి.

* సొంత వాహనంలో ఇతర కొండదారులకు వెళ్లేవారు కనీసం రెండు బండ్లతో వెళ్లాలి. అదనపు టైరు, జాకీ, దాని కింద వేసే చెక్కపలక, లాగే తాడు, గాలిపంపు తప్పనిసరి.

* మద్యం తాగినవారికి స్టీరింగు ఇవ్వరాదు. మద్యం సీసాలు అడవిలోకి తేరాదు.

* దారి కష్టమనిపిస్తే వెనుదిరగడంలో నామోషీ లేదు. బృందంలో ఒక్కరు వద్దన్నా ఆగి ఆలోచించాలి.