పెద్దలకు పగటి కేంద్రం

వృద్ధాశ్రమం వేరు, పెద్దల పగటి కేంద్రం వేరు. ఇక్కడికి వచ్చేవారికి ఇల్లుంది, పిల్లలున్నారు. అందరూ పనులకు పోయాక పలకరించే దిక్కుండదు. ఉదయం వచ్చి, పత్రిక చదువుకుని, బీపీ, షుగర్ చూపించుకుని, జొహర్ నమాజు తర్వాత ఒకే దస్తర్‌ఖాన్ మీద భోంచేసి, సాయంత్రం ఇల్లు చేరుతారు.

పిల్లలు పట్టించుకోని తల్లిదండ్రులు 2007 నాటి చట్టం కింద ట్రిబ్యునల్‌లో పోషణ ఖర్చు కోరవచ్చు. 14567 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా అడగవచ్చు. ఈ సంగతులు చెప్పి, దరఖాస్తు రాసిపెట్టే మనిషి కూడా కేంద్రంలో ఉండాలి.

గది ఒక్కసారి కడితే చాలు. బియ్యం, మందులు, ఆటో కిరాయి నెలనెలా కావాలి. మోకాళ్ల నొప్పులున్న దాదీమా ఆటో లేనిదే గడప దాటలేదు. అందుకే దాతలు చిన్న మొత్తమైనా ప్రతి నెలా పంపితే ఎక్కువ మేలు.