రాన్ బరాసీ

ఆస్ట్రేలియా దేశమున, ముఖ్యముగా విక్టోరియా రాష్ట్రమున, ప్రజలకు మిక్కిలి ప్రియమైన ఆట ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్. కోలగా నుండు మైదానమున జట్టునకు 18 మంది చొప్పున ఆడుదురు. బంతియు కోలగనే యుండును. దానిని కాలితో తన్నవచ్చును. లేదా ఒక చేత పట్టుకొని, రెండవచేతి పిడికిలితో కొట్టి తోటివానికి అందింపవచ్చును. విసరుట మాత్రము నిషిద్ధము. ఈ క్రీడలో ఆటగాడుగను, శిక్షకుడుగను చిరకీర్తి నార్జించినవాడు రాన్ బరాసీ.

బరాసీ 1936లో విక్టోరియాలోని కాసిల్‌మెయిన్ పట్టణమున జన్మించెను. అతని తండ్రి మెల్బోర్న్ జట్టున ఆడినవాడు. ఆయన రెండవ ప్రపంచయుద్ధమున సైనికుడై వెడలి, 1941లో ఉత్తర ఆఫ్రికాలోని టోబ్రుక్ వద్ద అసువులు బాసెను. అప్పటికి బాలునకు ఐదేండ్లు. తండ్రి ఆడిన జట్టులోనే తానును ఆడవలెనని అతడు కోరుకొనెను. తండ్రికి సహచరుడైన నార్మ్ స్మిత్ ఆ జట్టు శిక్షకుడై, బరాసీని తన యింట నుంచుకొని తీర్చిదిద్దెను. 1953లో జట్టున చేరిన బరాసీ, 1955 మొదలు 1964 వరకు ఆరుమార్లు విజయకిరీటమున భాగస్వామి యయ్యెను.

పిమ్మట కార్ల్‌టన్ జట్టు అతనిని నాయకుడుగను, శిక్షకుడుగను ఆహ్వానించెను. తండ్రి జట్టును, తండ్రివంటి గురువును వీడుట సులభమా? అభిమానుల మనస్సులు నొచ్చెను. అయినను, 1965లో అతడు ఆ బాధ్యతను స్వీకరించెను. 1968లో కార్ల్‌టన్ విజేత యయ్యెను.

1970 నాటి తుదిపోటీ చిరస్మరణీయము. మెల్బోర్న్ మైదానమున 1,21,696 మంది ప్రేక్షకులు గుమిగూడిరి. ఆట సగము ముగియునప్పటికి కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్ కంటె 44 పాయింట్లు వెనుకబడెను. గోలునకు ఆరు పాయింట్లే గదా! ఏడు గోళ్లు వేసినను సమము కాజాలరు. విరామవేళ బరాసీ నిరాశపడలేదు. చేతితో బంతి నందించుట నాటివరకు వేరు దారి లేనివారి పనిగా ఎంచబడుచుండెను. అతడు దానినే ఆయుధముగా చేసికొని, ఎల్లరును బంతిని చేతితో అందించుకొనుచు వేగముగా సాగవలెనని ఆదేశించెను. అదనపు ఆటగాడైన టెడ్ హాప్కిన్స్‌ను బరిలోనికి దింపెను. హాప్కిన్స్ నాలుగు గోళ్లు వేసెను. కార్ల్‌టన్ 10 పాయింట్ల ఆధిక్యముతో గెలిచెను.

1925లో లీగునందు ప్రవేశించియు ఒక్కమారైన విజేత కాని నార్త్ మెల్బోర్న్ జట్టు, బరాసీ శిక్షణలో 1975లోను, 1977లోను గెలిచెను. 1981లో అతడు తండ్రి జట్టునకు శిక్షకుడై తిరిగివచ్చెను. ఐదేండ్లు శ్రమించినను కిరీటము దక్కలేదు. కాని అప్పుడు ఐర్లండు నుండి రప్పింపబడిన జిమ్ స్టైన్స్ అను యువకుడు, 1991లో లీగు ఉత్తమ ఆటగాడుగా బ్రౌన్‌లో పతకము నందుకొనెను.

బరాసీ 2023లో దివంగతుడయ్యెను. తండ్రిని కోల్పోయిన బాలుని ఒక గురువు చేరదీసెను; ఆ బాలుడు పెరిగి పెక్కుమందికి గురువయ్యెను.