ముక్కు మీద పుండు మానడం లేదా?

హైదరాబాదు: హైటెక్ సిటీ అద్దాల మేడల లోపల చల్లదనం. వాటిని కట్టిన పాలమూరు వలస కూలీలకు మాత్రం ఎండే నీడ. పొలంలో రైతుకూ అంతే. ఏళ్ల తరబడి పడిన ఆ ఎండే ముక్కు మీద ఒక రకం చర్మ క్యాన్సర్‌కు ముఖ్య కారణం. పేరు బేసల్ సెల్ కార్సినోమా.

మొదట చిన్న బుడిపె. నొప్పి ఉండదు. చెక్కు కడుతుంది, ఊడుతుంది, రక్తం చెమ్మగిలుతుంది. మన చాయ వారికి తరచు నల్లగా ఉండి పుట్టుమచ్చలా కనిపిస్తుంది. తెల్లవారి కంటే మనలో చాలా అరుదు కనుక ఎవరికీ అనుమానం రాదు. సున్నం, పసరు పూసి ఏళ్లు గడిపేస్తారు. ఇది ఒళ్లంతా పాకడం బహు అరుదే గాని, వదిలేస్తే ముక్కునే తినేస్తుంది.

మత్తు సూది వేసి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే సంగతి తేలుతుంది. చిన్నగా ఉండగానే కోసి తీస్తే చాలా వరకు నయమవుతుంది. ముక్కు మీద వృథా చేయడానికి చర్మం ఎక్కడిది? అందుకే పొర పొరగా తీస్తూ అప్పటికప్పుడే పరీక్షించే పద్ధతి ఉంది. 1930లలో అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ మోస్ దానికి నాంది పలికాడు. లోటును చెంప లేదా నుదుటి చర్మంతో పూడుస్తారు. కోత పనికిరాని వారికి రేడియేషన్ ఇస్తారు.

హైటెక్ సిటీ చుట్టూ ప్రైవేటు ఆసుపత్రులకు కొదవ లేదు. ఖర్చుకు జంకేవారికి నగరంలోనే రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. నెల దాటినా మానని పుండును ముందు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ వైద్యునికి చూపించాలి. పాత చీటీలు, ఆరోగ్యశ్రీ కార్డు వెంట ఉంచుకోవాలి.