పోకో ఎఫ్1కి రెండు ఫైళ్లు ఎందుకు? డివైస్ ట్రీ పేర్ల వెనకున్న లెక్క

2018 ఆగస్టులో వచ్చిన పోకో ఎఫ్1 ఇప్పటికీ చాలామంది ఇళ్లలో ఏదో ఒక డ్రాయర్‌లో పడి ఉంటుంది. స్నాప్‌డ్రాగన్ 845 కదా, ఇంకా దమ్ముంది, పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వేసి చూద్దాం అనుకుంటే ముందే ఒక ప్రశ్న ఎదురవుతుంది: మీది టియాన్మా ప్యానెలా, ఈబీబీజీ ప్యానెలా? మోడల్ ఒకటే, లోపలి డిస్‌ప్లేలు మాత్రం రెండు కంపెనీలవి. తప్పు ఫైల్ ఎంచుకుంటే డిస్‌ప్లే పనిచేయదు.

ఫోన్‌లో ఏ పార్ట్ ఎక్కడుందో లినక్స్ కెర్నల్‌కి చెప్పేది డివైస్ ట్రీ ఫైల్. (లీనేజ్‌ఓఎస్ బిల్డ్‌కి వాడే ఫోల్డర్‌ని కూడా డివైస్ ట్రీ అనే అంటారు. అది వేరు.) కెర్నల్‌లో పోకో ఎఫ్1 ఫైల్ పేరు ఇలా నడుస్తుంది: ముందు చిప్ ఎస్‌డీఎం845, తర్వాత కంపెనీ షావోమీ, తర్వాత కోడ్‌నేమ్ బెరిలియం, చివర్లో ప్యానెల్ పేరు. రెండింటికీ కామన్‌గా ఉండేదంతా ఇంకో ఫైల్‌లో ఉంటుంది. పేరు చదివితే చాలు, ఏది మీదో తెలిసిపోతుంది.

ఫైల్ లోపల కూడా ఇదే క్రమశిక్షణ. ఎస్‌డీఎం845 మెమరీ కార్డ్ కంట్రోలర్ పేరు 'ఎంఎంసీ@8804000'. మొదటి భాగం అదేంటో చెబుతుంది, రెండోది ఎక్కడుందో చెబుతుంది. మా బిచ్కుందలో కొరియర్ అబ్బాయి ఇంటి నంబర్ చూసి వస్తాడు కదా, అలాంటిదే. గేటు మీద ఒక నంబర్, రికార్డులో ఇంకోటి ఉంటే తిప్పలే. అందుకే '@' తర్వాతి నంబర్, లోపల 'రెగ్' లైన్‌లోని మొదటి అడ్రస్ ఒకటే కావాలి. తేడా ఉంటే కంపైలర్ వార్నింగ్ ఇస్తుంది. '@' తర్వాత ముందు సున్నాలు పెట్టకూడదు, హెక్స్ అక్షరాలు చిన్నవే రాయాలి. నోడ్ పేర్లలో హైఫన్, లేబుల్స్‌లో అండర్‌స్కోర్.

ఇదంతా చాదస్తం అనిపిస్తోందా? అయితే 'కంపాటిబుల్' లైన్ చూడండి. డ్రైవర్ తన పార్ట్‌ని గుర్తుపట్టేది ఈ పేరుతోనే. ఇక్కడ హైఫన్ బదులు అండర్‌స్కోర్ పడినా ఫైల్ చక్కగా కంపైల్ అవుతుంది, ఫోన్ కూడా బూట్ కావచ్చు, కానీ ఆ పార్ట్‌కి డ్రైవర్ దొరకదు. చాలాసార్లు ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. టచ్ ఎందుకు పనిచేయట్లేదో వెతుకుతూ రాత్రంతా పోతుంది.

నంబర్లదీ అదే కథ. ఈఎంఎంసీ, మెమరీ కార్డ్ రెండూ ఉన్న బోర్డుల్లో, ఏది ముందు రెడీ అయితే దానికి 0 నంబర్ వస్తే, ఇవాళ్టి 0 రేపు 1 కావచ్చు. బూట్ సెట్టింగ్‌లో పాత నంబరే ఉంటే సిస్టమ్ లేవదు. 'ఎలియాసెస్' అనే భాగంలో ఎవరికి ఏ నంబరో ముందే రాసేస్తే ఈ గోల ఉండదు.

మీరు మొదటిసారి ఫైల్ రాస్తుంటే, ఫ్లాష్ చేసే ముందు కెర్నల్ సోర్స్‌లో 'మేక్ డీటీబీఎస్_చెక్' ఒకసారి రన్ చేయండి. రూల్స్‌లో లేని పేరు కనిపిస్తే చాలావరకు అదే పట్టిస్తుంది. కంపెనీ అప్‌డేట్స్ ఆపేసిన ఫోన్‌ని వేరే ఊళ్లో ఉన్న ఎవరో బతికించాలంటే, మీ ఫైల్ వాళ్లకి మిమ్మల్ని అడగకుండానే అర్థం కావాలి.