రంగునీళ్ళలో ఇనుము చేసే పని

తిరుప్పూరు అద్దకాల రంగునీళ్ళు నొయ్యల్ నదిలో కలిసిన సంగతి మనందరికీ తెలిసిందే. 2011లో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లను మూయించింది కూడా. అలాంటి నీళ్ళను శుభ్రం చేయడానికి ఇనుము పనికొస్తుందని చదివాను. నాకు అర్థమైనంత రాస్తున్నాను.

బట్ట మీద వెలిసిపోకూడదని ఈ రంగులను గట్టిగా తయారుచేస్తారు. అందుకే నీళ్ళలోని సూక్ష్మజీవులు వాటిని తేలిగ్గా తినలేవు. 1894లో ఫెంటన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త, ఇనుప లవణం తోడుంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ టార్టారిక్ ఆమ్లాన్ని ఆక్సీకరణం చేస్తుందని ప్రకటించాడు. ఇనుము పెరాక్సైడును విడగొట్టినప్పుడు హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. అది క్షణం కూడా నిలవదు, దొరికిన అణువునల్లా కొరికేస్తుంది. రంగు ముక్కలైపోతుంది.

చిక్కేంటంటే, దీనికి నీళ్ళు బాగా పుల్లగా, పీహెచ్ 3 దగ్గర ఉండాలి. తర్వాత ఆ పులుపు విరిచేటప్పుడు కరిగిన ఇనుమంతా తుప్పురంగు బురదగా దిగుతుంది. ఒక చెత్త పోయి ఇంకో చెత్త! అందుకని ఇనుమును కరిగించకుండా బంకమట్టి, జియోలైట్ లాంటి ఘనపదార్థాల మీద నిలుపుతున్నారు. మాగ్నటైట్ అయితే అయస్కాంతంతో లాగి మళ్ళీ వాడుకోవచ్చు. పని కొంచెం నెమ్మది, కొంత ఇనుము నీళ్ళలోకి దిగనూ దిగుతుంది. అయినా బురద బాగా తగ్గుతుంది.

ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఇనుము రంగును విరుస్తుంది గాని ఉప్పును తీయదు. అద్దకానికి ఉప్పు బోలెడు వాడతారు. నొయ్యల్ మీది ఒరత్తుప్పాళయం డ్యాములో నీళ్ళు ఉప్పెక్కి రైతులకు పనికిరాకుండా పోయాయి. కాబట్టి నీళ్ళు తేటగా కనబడగానే మంచివైపోయాయి అనుకోకూడదు.