తొలిచూలు స్త్రీలకు ప్రసవపూర్వ పెరీనియం మర్దనం: ఆధారాలు, పరిమితులు

ఉపోద్ఘాతం:
“మామూలు కాన్పే గానీ కుట్లు పడ్డాయి” అనే మాట తెలుగు ఇళ్లలో తరచు వినిపిస్తుంది. ఆ కుట్లు పడిన చోటును పేరు పెట్టి చెప్పుకోవడం మాత్రం అరుదు. యోనిద్వారానికీ మలద్వారానికీ నడుమ ఉండే చర్మ, కండర భాగాన్ని వైద్యశాస్త్రం పెరీనియం అంటుంది. శిశువు తల బయటకు వచ్చే వేళ ఈ భాగం బాగా సాగుతుంది. ఒక్కోసారి సాగలేక చిరుగుతుంది. మరికొన్ని సందర్భాల్లో వైద్యులే అక్కడ కోత పెడతారు. ఈ కోతకు ఎపిసియాటమీ అని పేరు. నెలలు నిండే కాలంలో చేసే మర్దనం ఈ గాయాలను ఎంతవరకు తగ్గించగలదో, అందుకు ఏ పరిస్థితులు తోడ్పడాలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాచీన వైద్యంలో:
ప్రసవమార్గాన్ని ముందుగా సిద్ధపరచాలన్న ఆలోచన కొత్తది కాదు. చరకసంహిత శారీరస్థానం ఎనిమిదో అధ్యాయం తొమ్మిదో నెలలో గర్భిణికి తైలంతో అనువాసన వస్తిని, తైలంలో తడిపిన పిచువును యోనిలో ఉంచడాన్ని చెప్పింది. గర్భమార్గానికి స్నిగ్ధత కలిగించడం దాని ప్రయోజనం. అయితే పిచుధారణ వేరు, వేళ్లతో సాగదీసే మర్దనం వేరు. లక్ష్యంలోని పోలికను బట్టి రెండూ ఒకటేనని నిర్ణయించరాదు.

మర్దన విధానం:
34 లేదా 35వ వారం నుండి దీనిని మొదలుపెడతారు. గోళ్లు కత్తిరించుకుని, చేతులు శుభ్రంగా కడుక్కోవాలి. పరిమళాలు కలపని నూనె రాసుకుని, బొటనవేలిని యోనిలోకి మూడు నాలుగు సెంటీమీటర్లు చొప్పించి, మలద్వారం వైపుకు, ఇరుపక్కలకు మెల్లగా నొక్కుతూ సాగదీయాలి. ఐదు నుండి పది నిమిషాలు చాలు. పైభాగాన ఉండే మూత్రద్వారంపై ఒత్తిడి పడకూడదు. బిగువు, కొద్దిపాటి మంట సహజం. నొప్పి పుడితే ఆపివేయాలి. రక్తస్రావం, యోనిలో ఇన్ఫెక్షన్, హెర్పిస్ పుండ్లు, మాయ కిందికి ఉండటం, ఉమ్మనీరు పోవడం, నెలలు నిండకముందే నొప్పులు వచ్చే సూచనలు ఉన్నవారు చేయరాదు. ముందుగా వైద్యులను సంప్రదించడం అవసరం.

పరిశోధనల ఫలితాలు:
కెనడాలోని క్యూబెక్‌లో 1,527 మంది గర్భిణులపై జరిగిన అధ్యయనం 1999లో వెలువడింది. గతంలో యోనిమార్గ ప్రసవం లేని స్త్రీలలో, మర్దనం చేసుకుని యోనిమార్గాన ప్రసవించిన వారిలో 24.3 శాతం మందికి పెరీనియం చెక్కుచెదరలేదు. మర్దనం చేసుకోనివారిలో ఇది 15.1 శాతం. మునుపు యోనిమార్గ ప్రసవం అయినవారిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాక్రేన్ సంస్థ 2013 సమీక్ష నాలుగు అధ్యయనాలను, 2,497 మంది స్త్రీలను పరిగణించింది. సుమారు పదిహేను మంది మర్దనం చేసుకుంటే ఒకరికి కుట్లు తప్పుతాయని దాని సారాంశం. ఎపిసియాటమీ కూడా తగ్గింది. కానీ మలద్వార కండరం దాకా పోయే తీవ్రమైన చిరుగుళ్లలో తేడా కనిపించలేదు. అంటే ప్రయోజనం నిజమే గానీ పరిమితం. మర్దనం చేసుకున్నా నలుగురిలో ముగ్గురికి ఏదో ఒక గాయం అయిందన్నది క్యూబెక్ అంకెల రెండో అర్థం. గాయమైన స్త్రీ తాను సరిగా చేసుకోలేదని నొచ్చుకోవలసిన పని లేదు.

తెలుగు రాష్ట్రాల సందర్భం:
తొలి కాన్పు అంటే కోత తప్పదని భావించే ప్రసవగదిలో ఈ మర్దనం ఫలితం చూపే అవకాశమే ఉండదు. ఎపిసియాటమీని అలవాటుగా చేయరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. కాబట్టి గర్భిణి సంసిద్ధత, ఆసుపత్రి పద్ధతి ఒకదానికొకటి తోడు కావాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం సిజేరియన్ కాన్పులు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దీనికి కారణాలు అనేకం. అయినా సాధారణ కాన్పును కోరుకునే స్త్రీకి కోత, కుట్ల గురించి స్పష్టమైన సమాచారం అందడం ముఖ్యం. తెలంగాణ 2017లో మొదలుపెట్టిన మిడ్‌వైఫరీ శిక్షణ ఇందుకు అనువైన మార్గం.

మన ఆచారం ప్రకారం తొలిచూలు స్త్రీ ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి చేరుతుంది. అప్పటిదాకా చూసిన వైద్యులు ఒకరు, పురుడు పోసేవారు మరొకరు అవుతారు. మర్దనం మొదలుపెట్టవలసిన వారాలు సరిగ్గా ఈ మార్పు జరిగే రోజులే. అందువల్ల ఎనిమిదో నెల పరీక్షలోనే ఈ విషయం చెప్పడం, పుట్టింటి ఊరి ఏఎన్ఎమ్ దానిని మళ్లీ గుర్తుచేయడం ఉచితం.

ముగింపు:
ప్రసవపూర్వ మర్దనం ఖర్చులేనిది, తొలిచూలు స్త్రీలకు కొంత మేలు చేసేది. దానిని విధిగా కాక ఎంపికగా చెప్పాలి. ఇష్టం లేని స్త్రీని బలవంతపెట్టరాదు. ఆమెకు ఈ సంగతి చెప్పడం ఎంత అవసరమో, ప్రసవగదిలో అనవసరమైన కోతను మానడం అంతకంటె అవసరం.